ఎదురుచూసే బడి

కాగితాలు పంచేటప్పుడు హేమమాలిని వేలు తడుపుకోదు. కట్ట అంచును బొటనవేలితో ఒకసారి వంచి వదిలితే చాలు, కాగితాలు వాటంతటవే విడిపోతాయి. అది బళ్ళో నేర్చుకున్న విద్య కాదు. ప్రొద్దుటూరులో గుడ్డలంగడి ప్రభాకరరావు కూతురు ఆమె. లంగా గుడ్డల మడతలు విప్పి, మళ్ళీ పెట్టి, ఆమెకు నడక సరిగ్గా రాకముందే ఆ చేతులకు పని వచ్చింది.

ఆ సోమవారం జమ్మలమడుగులో ఆడపిల్లల హైస్కూల్లో, తొమ్మిదో తరగతి గదిలో ప్రశ్నల కాగితాలు పంచింది. పేర్లు రాయనక్కర్లేదు, టిక్కు పెడితే చాలు. ‘నేను చెప్పేది వినేవాళ్ళు ఈ బళ్ళో ఉన్నారు.’ ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేరు. పిల్లలు పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూసి మరీ టిక్కులు పెట్టారు. ఇది పరీక్ష కాదని ఎన్నిసార్లు చెప్పినా బళ్ళో కాగితం ఇస్తే పరీక్షే.

హేమమాలిని పిహెచ్‌డీ చేస్తున్నది ఈ విషయం మీదే. బళ్ళలో టీచర్లను కౌన్సిలర్లుగా తయారుచేయడం. పిల్లలకు బుద్ధులు చెప్పడం కాదు, పిల్లలు చెప్పేది వినడం. ప్రొద్దుటూరులో ఒక బడి, పులివెందులలో ఒక బడి తీసుకుని అక్కడి టీచర్లకు ఏడాదిగా నేర్పిస్తోంది. జమ్మలమడుగు బడికి మాత్రం ఏమీ నేర్పించలేదు. నేర్పించకపోవడమే ఆ బడి వల్ల ఆమెకు ఉపయోగం. నేర్పించిన చోట పిల్లల్లో ఏం మారిందో తెలియాలంటే నేర్పించని చోటు ఒకటి పక్కన ఉండాలి కదా. అంతా ముగిశాక వీళ్ళకూ నేర్పిస్తామన్నది ఒప్పందం. పరిశోధన భాషలో దానికి పెద్ద పేరే ఉంది. హేమమాలిని మాత్రం ఎదురుచూసే బడి అనేది.

ఇంకొక్క విడత కాగితాలు వచ్చే వారం పంచితే పని అయిపోయినట్టే. నెలాఖరుకు థీసిస్ సమర్పించాలి. యూనివర్సిటీలో కౌన్సిలర్లకు శిక్షణ ఇచ్చే కొత్త విభాగం పెడుతున్నారు. థీసిస్ సమర్పించిన వాళ్ళనే ఉద్యోగానికి పిలుస్తారు. ఆమెకు నలభై దాటాయి. పెండ్లెప్పుడని అడిగే చుట్టాలు అలిసిపోయి, పిహెచ్‌డీ ఎప్పుడని అడగడం మొదలుపెట్టి కూడా చాలా ఏళ్ళయింది. ఇలాంటి ఉద్యోగం ఈ వైపు మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

బెల్లు కొట్టారు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళిపోయారు. ఒక పిల్ల మాత్రం బల్లల మధ్య తిరుగుతూ, పంచిన పెన్సిళ్ళన్నీ ఏరి, మొనలన్నీ ఒకే వైపుకు వచ్చేట్టు సర్దుతోంది. ఎవరూ చెప్పలేదు ఆ పని. సన్నటి పిల్ల, జడకు కట్టిన రిబ్బను ఒకవైపు ఊడింది.

"ఇట్లియ్యమ్మా," అని హేమమాలిని చెయ్యి చాపింది.

పిల్ల పెన్సిళ్ళు ఇవ్వలేదు. "మేడం, మీతో మాట్లాడల్ల," అంది.

అప్పుడు ఏం చేయాలో హేమమాలినికి బాగా తెలుసు. భుజం మీది సంచి కింద పెట్టాలి. కూర్చోవాలి. పిల్లను కూర్చోమనాలి. ఏడాదిగా అందరికీ నేర్పిస్తున్నది అదే. ఆమె సంచి భుజం మీదే ఉంచుకుని నవ్వింది.

"పేరేందమ్మా?"

"మైమూన్."

"వస్తాం మైమూన్. వచ్చే టర్ములో మీ బడికీ వస్తాం. మీ టీచర్లకే నేర్పిస్తాం. అప్పుడు నీకెంత కావాలంటే అంత మాట్లాడొచ్చు."

"సరే మేడం," అని పిల్ల పెన్సిళ్ళు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇంకోసారి అడగలేదు, మొహం చిన్నబుచ్చుకోలేదు. ఆ సరే మరీ తొందరగా వచ్చిందని హేమమాలినికి బస్సెక్కాక అనిపించింది. కిటికీ పక్కన సీటు దొరికినా పెన్నా నదిని చూడాలనిపించలేదు. గండికోట చూసి వస్తున్న బెంగళూరు కుర్రాళ్ళు వెనక సీట్లలో ఫోటోలు చూపించుకుని నవ్వుతూనే ఉన్నారు.

*

అంగడికి వచ్చేసరికి ప్రభాకరరావు ఒక్కడే ఉన్నాడు. పరుపు మీద తెల్ల దుప్పటి ఆ రోజు వేసిన మడతతో అట్లాగే ఉంది. అంటే ఎవరూ కూర్చోలేదని. దసరా దాకా ఉన్న సరుకు అమ్మి, తర్వాత అంగడి మూసేయాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ మాట కూతురితో తప్ప ఎవరితోనూ అనలేదు. కొత్త సరుకు తెప్పించడం మానేశాడు, అంతే.

హేమమాలిని చెప్పులు విడిచి పరుపు మీద కూర్చుంది. ఒకప్పుడు ఈ పరుపు మీద చోటు దొరికేది కాదు. పెండ్లి బట్టలకు వచ్చినవాళ్ళు చద్దిమూటలతో వచ్చి పొద్దుగూకేదాకా ఉండేవారు. సోడాలు తెప్పించేవారు. గంజి వాసన, కొత్త గుడ్డ వాసన, ఆడవాళ్ళ తలల్లో మల్లెల వాసన కలిసి అంగడి నిండా ఉండేవి. నాయన గుడ్డ తాను విప్పుతూ ఉంటే ఆడవాళ్ళు గుడ్డ వైపు చూస్తూ ఇంటి సంగతులు చెప్పేవారు. అత్త పెట్టే ఆరళ్ళు, తాగుబోతు మొగుడు, నిలవని కానుపు. నాయన "ఊ" అనేవాడు, ఇంకో తాను విప్పేవాడు. బట్టలు కొనడానికి వచ్చి బతుకులు చెప్పి పోయేవారు. మీటరు కర్ర పక్కన కూర్చుని చిన్న హేమ అవన్నీ నోరు తెరుచుకుని వినేది. వినడమనేది ఒక చదువు అవుతుందని తెలిసినప్పుడు అందుకే అంత సంబరపడింది.

పిహెచ్‌డీ గైడు వసుంధర గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆమె గుంటూరు మనిషి. మాట మెత్తగా ఉంటుంది, విషయం మాత్రం దాచదు.

"ఆ అమ్మాయికి ప్రమాదం ఏమైనా ఉందా హేమా? ఉంటే థీసిస్ సంగతి పక్కన పెట్టు, వెంటనే చూడాలి."

"అడగలేదు మేడం. అడిగితే విన్నట్టే అవుతుంది కదా అని..."

"ముందు హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి కనుక్కో."

"ఆ ఒక్క పిల్లతో మాట్లాడి, ఆ పిల్ల కాగితం లెక్కలోంచి తీసేస్తే?"

"తీసేయచ్చు, తప్పు లేదు. కానీ ఒక్క పిల్లతో ఆగుతుందా? బళ్ళో వినే మనిషి వచ్చిందని తెలిస్తే పది మంది వస్తారు. అప్పుడిక అది ఎదురుచూసే బడి కాదు. ఇంకో బడి వెతుక్కుని ఏడాది మళ్ళీ మొదలుపెట్టాలి. ఉద్యోగం నీ కోసం ఆగదు. నిన్ను వద్దనడం లేదమ్మా, దేనికి ఎంత పోతుందో తెలుసుకుని చెయ్యమంటున్నాను."

హెడ్‌మిస్ట్రెస్ భాగ్యలక్ష్మి ఫోన్లో నవ్వింది. "మైమూనా? ఆ పిల్లకేం మేడం, బంగారం. ఎప్పుడూ నవ్వుతాంటాది. అందరికీ సాయం చేస్తాది. దాని గురించి మీరేం దిగులు పడొద్దు."

ఈ మాట వినడానికే ఫోన్ చేసినట్టు హేమమాలిని హమ్మయ్య అనుకుంది. ఎప్పుడూ నవ్వే పిల్ల గురించి తన పాఠాల్లో ఏం చెబుతుందో ఆ సాయంత్రం గుర్తు తెచ్చుకోలేదు.

*

మరునాడు పులివెందులలో శిక్షణ. మధ్యాహ్నం మీద టీచర్లు ముగ్గురు ముగ్గురుగా కూర్చున్నారు. ఒకరు పిల్ల, ఒకరు కౌన్సిలర్, మూడోవాళ్ళు ఊరికే చూడాలి. లెక్కల సారు ధనుంజయ్ కౌన్సిలర్. సైన్సు టీచర్ ఫాయిజా పిల్ల.

"సార్, నాకు బడికి రాబుద్ధి కాలే," అంది ఫాయిజా తల వంచుకుని.

ధనుంజయ్ కుర్చీ ముందుకు జరిపాడు. "అట్లంటే యెట్లమ్మా? పొద్దన్నే లెయ్యి. తలకు పోసుకో. శనివారం గండి గుడికి పోయి ఆంజనేయస్వామికి దండం పెట్టుకో. అంతా సర్దుకుంటాది."

గదంతా ఘొల్లుమంది. ఫాయిజా కూడా పాత్ర మరిచి నవ్వింది. "సార్, నేను తురకల పిల్లను!"

"ఆడికి అందరూ వస్తారు లేమ్మా," అన్నాడు ధనుంజయ్, తగ్గకుండా.

"సార్, ఆ పాప ఇంకా ఏం చెప్పనే లేదు. మీరప్పుడే ప్రసాదం చేతిలో పెట్టి పంపిస్తిరి," అంది హేమమాలిని.

"ఏం జేద్దాం మేడం. దిగులుతో వచ్చినోళ్ళను ఉత్తచేతుల్తో పంపీల్లంటే మనసొప్పదు. ఈడ కూర్చుని మీరే చేసి చూపీండి."

హేమమాలిని చేసి చూపించింది. కలం మూత పెట్టి పక్కన పెట్టింది. కుర్చీని ఫాయిజాకు ఎదురుగా కాకుండా కొంచెం ఓరగా జరిపింది. "రామ్మా, కూర్చో. ఈ పొద్దు నీకు నాతో మాట్లాడదామనిపించింది," అని, ఇక ఆగింది. ఆ ఆగడమే కష్టం. కొత్తవాళ్ళు ఆ ఖాళీలో ఏదో ఒకటి కుక్కేస్తారు. ఆమె కుక్కలేదు. ఫాయిజా మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది, నటిస్తున్నదో నిజమో తెలియనంతగా. గదిలో ఎవరూ కదలలేదు.

అయిపోయాక ఫాయిజా కొంగు సర్దుకుని అడిగింది. "మేడం, పిల్ల వచ్చి అడిగేటప్పటికి మనకు బెల్లు కొట్టిందనుకోండి. క్లాసుకు పోవల్ల గదా. ఏం చెప్పల్ల?"

"ఎప్పుడు మాట్లాడతారో అది చెప్పాలి. రేపు అన్నం బెల్లప్పుడు, ఫలానా చోట, అని. తర్వాత చూద్దాం అనకూడదు. వచ్చే నెల, వచ్చే టర్ము అనకూడదు. అట్లా అన్నామంటే నీ మాట నాకు అక్కర్లేదని..."

ఆమె ఆగిపోయింది. వాక్యం ముగిస్తుందేమోనని టీచర్లు కలాలు పట్టుకుని చూస్తున్నారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా పెద్దలు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. టీ తాగొద్దాం పదండి అంది.

*

బుధవారం పొద్దున ప్రభాకరరావు అంగడి ముందు నీళ్ళు చల్లి, ఊదొత్తి వెలిగించి, కూతురు మేడ దిగి వచ్చేసరికి గల్లాపెట్టెకు దండం పెట్టుకుంటున్నాడు. ఇంకా బోణీ కాలేదు. ఆమె కాళ్ళు అంగడి దాటి బయటికి పోలేదు. కాసేపు తానులు మడిచి పెడదామని కూర్చుంది. అంచు పైకి వచ్చేట్టు మడత పెట్టి, అరచేత్తో రాసి, మళ్ళీ ఇంకోటి. దసరా తర్వాత ఈ పని ఉండదు. అందుకే కాబోలు ప్రతి తానునూ రెండుసార్లు రాస్తోంది.

పీరాంబీ వచ్చింది. హేమమాలిని చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషే, ఈ మధ్య నడుము వంగింది. అక్క మనవరాలి షాదీ ఉందట.

"చిలకపచ్చ లంగా గుడ్డ కావల్ల శెట్టీ. మీ దగ్గర దొరికే గట్టి గుడ్డ."

ప్రభాకరరావు అరల వైపు తిరిగి చూడనైనా లేదు. "వస్తాది పీరాంబీ. వచ్చే వారం సరుకు దిగుతాది. నీకని తీసి పెడతా."

"సరే శెట్టీ," అంది పీరాంబీ. తొందరగా, ఏమీ అనుకోకుండా. ఇంటి సంగతులు రెండు చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

హేమమాలిని చేతిలో గుడ్డ అట్లాగే ఉంది. "నాయనా, సరుకు యాడిది? మనం తెప్పీడం మానుకుంటిమి గదా."

"బోణీ కాకముందు లేదనే మాట నోట్లోంచి యెట్లొస్తాదిమ్మా? మా నాయన కాడి నుంచి ఈ అంగట్లో ఎవురమూ లేదనే మాట అన్లే."

"పాపం, వచ్చే వారం వస్తాది ఆయమ్మ."

"రాదు," అన్నాడు ఆయన, ఊదొత్తి బూడిద దులుపుతూ. "ఇన్నేండ్లుగా కొంటాండారు, వాళ్ళకు తెలీదా? ఇప్పుడే ఇంకో అంగడికి పోయింటాది. లేదని చెప్తే వాళ్ళకూ బాధ, మనకూ బాధ. మర్యాదగా పోయింది."

హేమమాలిని బయటికి చూసింది. పీరాంబీ అప్పుడే రోడ్డు దాటి ఎదుటి అంగడి మెట్లెక్కుతోంది. తను పెన్సిళ్ళ కోసం చాపిన చెయ్యి, నవ్విన నవ్వు, 'వస్తాం మైమూన్' అన్న గొంతు, అన్నీ ఈ పరుపు మీదివే. ఇన్నేళ్ళ చదువు వాటిని తాకనైనా లేదు. వినడం ఈ అంగట్లోనే నేర్చుకున్నానని ఊరంతా చెప్పుకుంది గానీ, నొప్పించకుండా సాగనంపడం కూడా ఇక్కడే నేర్చుకున్నానని ఎప్పుడూ అనుకోలేదు. పీరాంబీకి ఇంకో అంగడి ఉంది. ఆ పిల్లకు ఎక్కడుంది? నాయన మీద కోపం వచ్చింది, తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. చేతిలోని గుడ్డను అరలో పెట్టి సంచి తీసుకుంది.

"తినకుండా యాడికిమ్మా?"

"జమ్మలమడుక్కు నాయనా."

ఒక్క పిల్లతో మాట్లాడతాను, ఒక్క కాగితం తీసేస్తాను, ఏ థీసిస్సూ మునగదు. బస్సులో పొడుగునా ఇదే చెప్పుకుంది.

*

అన్నం బెల్లు కొట్టారు. మైమూన్ పళ్ళెం పట్టుకుని వరుసలో ఉంది. వెనక ఎవరు వచ్చినా "నువ్వు పో" అని ముందుకు పంపిస్తూ తాను వెనక్కి పోతోంది. హేమమాలినిని చూసి పళ్ళెం కిందికి దించింది.

"మీరు రారనుకున్న్యా మేడం."

"తెలుసమ్మా. మొన్న నేను సరిగ్గా చెప్పలేదు. నీకిప్పుడు ఇష్టమైతే మాట్లాడదాం."

బడి వెనక వరండా మెట్ల మీద కూర్చున్నారు. హేమమాలిని సంచి కింద పెట్టింది. మైమూన్ పళ్ళేన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని వేలితో అంచు చుట్టూ గీస్తూ కూర్చుంది. హేమమాలిని ఆగింది. పులివెందులలో ఆగినంత సులభంగా లేదు ఇక్కడ.

"మేడం, మీకు అందరూ చెప్తాంటారు గదా. ఇన్న్యాక దాన్ని యాడ పెట్టుకుంటారు?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని హేమమాలిని అనుకోలేదు. "నీకు పెట్టుకునే చోటు లేనట్టుంది," అంది నెమ్మదిగా.

అంతే. పిల్ల మాటలు ఆగలేదు. కువైట్‌లో వాళ్ళ అబ్బాకు పని పోయింది. ఆ సంగతి మైమూన్‌కు మాత్రమే చెప్పాడు. ఇంకో పని దొరికేదాకా అమ్మీకి చెప్పొద్దన్నాడు. అమ్మీ జావేద్ మామతో గొడవపడి, ఆ సంగతి అబ్బాకు చెప్పొద్దంది. అమ్మమ్మకు, వాళ్ళ నానీకి, గుండెలో నొప్పి వస్తాంది, అది ఎవ్వరికీ చెప్పొద్దంది. బళ్ళోనూ అంతే. ఏ పిల్లకు ఏ కష్టం వచ్చినా మైమూన్ పక్కకొచ్చి కూర్చుంటుంది.

"నేను ఎవురికీ చెప్పను మేడం. అందుకే నాకే చెప్తారు. ఫోను మోగితే నవ్వుతా మాట్లాడల్ల. అమ్మీ మొగం చూస్తే చెప్పేద్దామనిపిస్తాది. రాత్రి దుప్పటి కప్పుకుంటే అందరి మాటలూ వినిపిస్తాంటాయి." పిల్ల కళ్ళు తుడుచుకోలేదు. కన్నీళ్ళు పళ్ళెంలో పడుతుంటే చూస్తూ ఉంది. "వాళ్ళు చెప్పి లేసి పోతారు. నేను యాడికి పోవల్ల?"

కౌన్సిలర్ విన్నదాన్ని ఎవరు వినాలి? హేమమాలిని థీసిస్‌లో ఒక అధ్యాయమంతా అదే. ఎన్ని పుస్తకాలు చదివి రాసిందో. ఆ అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు నోటికి రాలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల ఇంత బరువు మోస్తూ, ఎవరికీ అడ్డం రాకుండా పెన్సిళ్ళు సర్దుతోంది. నీకేం ఫర్వాలేదు, అంతా నేను చూసుకుంటా అని నోటిదాకా వచ్చింది. ధనుంజయ్ సారును చూసి అనవసరంగా నవ్వాననిపించింది.

"అందరివీ దాచి దాచి అలిసిపోయినావు," అంది.

మైమూన్ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత ఓణీతో ముక్కు తుడుచుకుని, "నానీ నొప్పి దాచేది గాదు గదా మేడం. అది అమ్మీకి చెప్పేస్తా. అబ్బాకు... నువ్వే అమ్మీకి చెప్పు, నాతో కాదు అంటా," అంది. మళ్ళీ తనే, "అట్ల అంటే నేను చెడ్డదాన్నా?" అని అడిగింది.

"నీకేమనిపిస్తాంది?"

"ఆకలైతాంది," అంది మైమూన్. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వేరేగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్ చెప్పిన నవ్వు ఇది కాదు.

లేచి వరండా మలుపు తిరిగేసరికి గోడ వెంట పిల్లలు నిలబడి ఉన్నారు. ఎనిమిదో తరగతి వాళ్ళు, తొమ్మిది వాళ్ళు, కొందరు ఎంగిలి చేతులతోనే. మైమూన్‌తో మేడం కూర్చుందని ఎవరో చూశారు, ఎవరో చెప్పారు. వసుంధర గారు పది మంది అన్నారు, అంతకంటే ఎక్కువే ఉన్నారు.

ఇంకొక్క వారం. ఈ వారం వీళ్ళు ఆగితే చాలు. రాబోయే టర్ములో తప్పకుండా, ఈసారి నిజంగానే, తేదీ చెప్పి మరీ వస్తుంది. ఆ మాటలన్నీ వరుసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. బస్సు కూడా ఉంది.

ఆమె ఇంకా నోరు తెరవకముందే మైమూన్ ముందుకు వెళ్ళి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"ఏయ్, పోండే. మేడంకు బస్సుండాది. ఏమన్నా ఉంటే నాకు చెప్పండి. నేను మేడంకు చెప్తా."

పిల్లలు అలవాటు ప్రకారం మైమూన్ వైపు తిరిగారు. ఒక చిన్నది అప్పుడే ఆమె చెయ్యి పట్టుకుంది. మైమూన్ పళ్ళెం చంకలో పెట్టుకుని, ఆ పిల్ల వైపు చెవి వంచింది.

"మైమూన్," అంది హేమమాలిని.

"ఫర్వాలే మేడం. మీరు పోండి."

"నువ్వు పోయి అన్నం తిను. ఆ పాప చెయ్యి వదిలేయ్. వీళ్ళు నాతో మాట్లాడతారు."

"అందరా?"

"అందరూ. ఈ పొద్దు కాకపోతే రేపు. రేపు ఇదే బెల్లుకు ఈడనే ఉంటా."

మైమూన్ ఆమె మొహంలోకి చూసింది, మాట నిజమో కాదో అక్కడ రాసి ఉన్నట్టు. తర్వాత చిన్నదాని చెయ్యి వదిలింది. నాలుగడుగులు మామూలుగా నడిచింది, వెనక్కి తిరిగి ఒకసారి చూసింది, ఇక పరుగెత్తింది. అన్నం వరుస దగ్గర ఈసారి ఎవరినీ ముందుకు పంపించలేదు.

హేమమాలిని మళ్ళీ మెట్ల మీద కూర్చుంది. సంచిలో ఫోన్ మోగింది, వసుంధర గారే అయి ఉంటారు. ఏడాదో రెండేళ్ళో, ఇంకో బడి వెతకాలి. ఉద్యోగం ఇంకెవరికో వెళుతుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. ఫోన్ ఆగిపోయేదాకా ఉండి, ముందు నిలబడ్డ చిన్నదాన్ని రమ్మంది.

ఆ పిల్ల దగ్గరకొచ్చి గౌను అంచు నలుపుతూ నిలబడింది. "నాకు ఏం చెప్పల్లో తెలీదు మేడం."

"తొందరేం లే," అంది హేమమాలిని, పక్కకు జరుగుతూ. "కూర్చో."